చావడంలో చెయ్యితిరిగినవాడు

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన్ని చూస్తే ఊళ్ళో పెద్దవాళ్ళు "నమస్కారం గురువుగారూ" అంటారు, పిల్లలు "సాతాను తాతయ్యా" అంటారు. రెండింటికీ ఆయన ఒకేలా తల వూపుతాడు. కోపం తెచ్చుకోవాలంటే ముందు అది ఒంట్లో ఉండాలి కదా. ఈగను తోలాలన్నా, పాపం దానికేమైనా పని ఉందేమోనని ఒక్క క్షణం ఆగే రకం ఆయన. అలాంటి మనిషి ఇప్పటికి అరడజను సినిమాల్లో జనాన్ని వరసపెట్టి సాతానుకి బలి ఇచ్చాడు.

ఆ సినిమాలు తీసేది పక్క సందులో ఫోటో స్టూడియో పెట్టుకున్నవాడు. వాడికి దయ్యాల సినిమాలంటే ప్రాణం. ఆ ప్రాణం తప్ప వాడి దగ్గర వేరే పెట్టుబడి లేదు. కథ ప్రతిసారీ ఒక్కటే: ఒక చిన్న ఊరు, పైకి అందరూ మంచివాళ్ళే, లోపల్లోపల అందరూ సాతాను ముఠా, కొత్తగా కాపురానికి దిగిన జంట, గోదాములో బలిపీఠం. ముఠాకి కావలసిన నల్ల అంగీలు దర్జీ పాత కర్టెన్లు కత్తిరించి కుట్టాడు, కూలికి బదులు తనకీ ఒక వేషం అడిగి పుచ్చుకున్నాడు. మందుల షాపతను కథానాయకుడు, ఎందుకంటే వచ్చినవాళ్ళందరిలో పొట్ట లేనివాడు అతనొక్కడే. రాత్రి సన్నివేశాలన్నీ పట్టపగలే, కిటికీలకు దుప్పట్లు కట్టి తీస్తారు. నిజంగా రాత్రయితే ముఠా మొత్తానికి నిద్రొస్తుంది.

గురువు వేషం ఈయనకి దక్కింది చూపు వల్ల. సాతాను గురువు కళ్ళజోడు పెట్టుకుంటే బాగోదని మొదటి రోజే తీసేయించారు. అది తీస్తే ఆయనకి బలిపీఠం ఎక్కడుందో, బలి ఎక్కడుందో తెలియదు. ఆ వెతుకులాట తెర మీద పడేసరికి జనానికి వెన్నులో వణుకు పుట్టింది. "మనిషిని కాదు, లోపలున్న ఆత్మని చూస్తున్నాడ్రా" అనుకున్నారు. ఆయన చూస్తున్నది గుమ్మం ఎటుందా అని. ఇక మంత్రం సంగతి చెప్పాలంటే, దుకాణంలో కంటి పరీక్షకి గోడకి తగిలించిన బోర్డుంది కదా, దాని మీది అక్షరాల్నే కింది వరస నుంచి పైకి, గొంతు బొంగురు చేసి చదువుతాడు. అది విని ఒక పెద్దావిడ హాల్లోంచి లేచి వెళ్ళిపోయిందని గొప్పగా చెప్పుకుంటారు. ఆవిడకి ఇంటి దగ్గర పనేదైనా గుర్తొచ్చిందేమో మరి.

కానీ ఆయన అసలు విద్య ఇదేదీ కాదు. చావడం. ముఠా గురువు ఆఖర్న చావకపోతే చూసేవాళ్ళు ఊరుకోరు కాబట్టి ప్రతి సినిమాలోనూ ఆయన చచ్చాడు. కాలి చచ్చాడు, మునిగి చచ్చాడు, మేడ మీంచి పడి చచ్చాడు, ఒకసారి తాను పిలిచిన సాతాను చేతిలోనే చచ్చాడు. ముందు మోకాలు వంగాలి, తర్వాత భుజం జారాలి, కళ్ళు మూసుకోవడం అన్నిటికన్నా చివర. ఆ పైన ఊపిరి బిగబట్టి, కెమెరా ఆగేదాకా రొమ్ము కదలనివ్వడు. జీవితమంతా ఇతరుల ముక్కుల మీద ఫ్రేములు సరిచేసిన మనిషికి తనదంటూ దొరికిన గొప్ప అదొక్కటే. "తెర మీద అంత చప్పుడు లేకుండా పోతారు, ఇంట్లో జలుబు చేస్తే మాత్రం వీధంతా లేచి కూర్చోవాలి" అంటుంది ఆయన భార్య.

ఇలా హాయిగా చస్తూ బతుకుతున్న మనిషికి మనవరాలి దగ్గర చుక్కెదురైంది.

కూతురి కూతురు, ఒకటో తరగతి. ఇల్లు రెండు వీధుల అవతలే. బడి వదలగానే దుకాణానికొచ్చి, ఎత్తుపీట ఎక్కి, అద్దాల్లేని ఫ్రేములన్నీ ఒక్కొక్కటే పెట్టుకుని చూసుకునేది. అక్షరాలు కూడా ఆ గోడ మీది బోర్డు చూసే నేర్చింది. ఒక ఆదివారం వాళ్ళమ్మ తన తండ్రి కొత్త సినిమా పెట్టుకుని చూస్తుంటే, పడుకుందనుకున్న పిల్ల సోఫా వెనక నిలబడి చివరిదాకా చూసేసింది. మర్నాడు తాతయ్య చేతులు చాపితే తల్లి వెనక దూరింది. దుకాణం వైపు రావడమే మానేసింది. ఆయనే వాళ్ళింటికి వెళితే మంచం కిందికి పోయేది.

ఆయనకి తిండి సయించలేదు. పరధ్యానంలో ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించి, పాపం ఒక లెక్కల మాస్టారి చేత గుమ్మాలన్నీ గుద్దించాడు.

"చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత" అంది భార్య. "నల్లంగీ వేసుకుని కత్తి తిప్పితే పిల్ల దడుచుకోదా మరి?" అంతలోనే ఆయన ముఖం చూసి జాలేసింది. "పసిదండీ. నాలుగు రోజులు పోతే అదే మర్చిపోతుంది."

పిల్ల మర్చిపోలేదు. ఆయన అంగీ పట్టుకెళ్ళి ఇది కర్టెనేనమ్మా అని చూపించాడు. కత్తి వంచి, రబ్బరేనన్నాడు. సీసాలో నెత్తురు పట్టుకెళ్ళి, ఉత్త పంచదార పాకమే, కాస్త నాకి చూడు తల్లీ అని బతిమాలాడు. మంచం కింద నుంచి ఏడుపు తప్ప జవాబు రాలేదు. భయం పోగొట్టడానికి నెత్తురు నాకమన్న తాత లోకంలో ఈయనొక్కడే అయ్యుంటాడు.

చివరికి స్టూడియోకి వెళ్ళి చెప్పేశాడు. "ఇంక నావల్ల కాదురా. నాకు సాతానూ వద్దు, సినిమాలూ వద్దు. నా మనవరాలు నా దగ్గరికొస్తే చాలు."

స్టూడియోవాడు కుర్చీలో కూలబడ్డాడు. "బాబాయ్, ఇప్పుడు తీస్తున్నదంతా అయిపోయింది, నీ చావొక్కటే మిగిలింది. అది లేకపోతే మేం పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే."

"సరే, చచ్చి వెళ్ళిపోతాను. ఆ తర్వాత పిలవకు."

ఉపాయం చెప్పింది కూతురు. "నాన్నా, దాన్ని షూటింగుకి తీసుకొస్తాను. మీ వేషాలు కళ్ళారా చూస్తే భయం అదే పోతుంది."

గోదాములో కిటికీలకు దుప్పట్లు కట్టారు. పిల్లని అమ్మకీ అమ్మమ్మకీ మధ్య ఒక చెక్కపెట్టె మీద కూర్చోబెట్టారు. ముఠా వచ్చి వరసగా నిలబడింది. దర్జీ తొందరలో తన అంగీకి కర్టెన్ రింగులు ఊడదియ్యడం మర్చిపోయాడు, అతను అడుగు వేస్తే గలగలమంటున్నాయి. పిల్ల కిసుక్కున నవ్వింది. తాతయ్య కళ్ళజోడు తీసి, రెండు చేతులూ ఎత్తి, మంత్రం అందుకున్నాడు. అందరి చూపూ పిల్ల మీదే. పిల్ల భయపడలేదు సరికదా, కంఠతా వచ్చిన అక్షరాలేనాయె, పెదాలు కదుపుతూ తనూ చదివింది. ఆయన ఒక అక్షరం మింగేస్తే ముఖం చిట్లించింది కూడా. అమ్మా అమ్మమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంతకీ ఈ పిల్ల దేనికి దడుచుకున్నట్టు?

చావు మొదలైంది. మందుల షాపతను పొడిచాడు. ఆయన మోకాలు వంచాడు, భుజం జార్చాడు, నేలకి ఒరిగాడు, కళ్ళు మూశాడు.

"వద్దూ!"

పిల్ల కెమెరాకి అడ్డంగా పరుగెత్తుకొచ్చి కథానాయకుడి పిక్క మీద ఒక్క తన్ను తన్నింది. తర్వాత, పడివున్న మనిషికి బారెడు దూరంలో ఆగిపోయి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన గబుక్కున లేచి కూర్చున్నాడు. ఎదురుగా అంతా మసకే. ఏడుపుని బట్టి పిల్ల ఎటుందో పోల్చుకున్నాడు.

"ఏంటమ్మా? తాతయ్యంటే అంత భయమా?"

"నువ్వు చచ్చిపోతున్నావు" అంది పిల్ల. "ఆ రోజు కూడా మేడ మీంచి పడి చచ్చిపోయావు. అమ్మ చూసి నవ్వింది. ఎవ్వరూ ఏడవలేదు. ఒక్కళ్ళు కూడా ఏడవలేదు."

"మర్నాడు మీ ఇంటికొచ్చాను కదమ్మా?"

"చచ్చిపోయినవాళ్ళు రారు. నాన్నమ్మ రాలేదుగా. నాన్నమ్మకైతే అందరూ ఏడ్చారు."

పిల్ల నాన్నమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. కూతురు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముఠా అంతా తలలు దించుకుంది.

ఆయనకి అప్పుడు అర్థమైంది. పిల్ల సాతానుకి భయపడలేదు, కత్తికి భయపడలేదు. ఆయన అంత మురిసిపోయే ఆ చావునే నమ్మింది. ఆయన విద్యని ఇంతలా నమ్మినవాళ్ళు ఊరు మొత్తంలో ఇంకొకరు లేరు. గర్వపడాల్సిన చోట ఆయన గుండె చెరువైపోయింది. పిల్లకి అందేలా ముందుకు వంగి, బుగ్గలు పూరించి, "ఇదిగో, ఇలా ఊపిరి బిగబడతాను. లోపల బతికే ఉంటాను. అంతా ఆటేనమ్మా" అని చేసి చూపించాడు. పిల్ల కళ్ళార్పకుండా చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు.

"నేనింక చావనురా" అన్నాడు స్టూడియోవాడితో.

"గురువు చావకపోతే జనం ఒప్పుకోరు బాబాయ్..." అన్నాడే గానీ వాడి గొంతులోనూ పస లేదు.

పిల్ల చేత్తో ముక్కు తుడుచుకుంది. "చచ్చిపోతే నేను పక్కన ఉంటాను. నేను ఏడుస్తాను. అలా అయితే సరే" అంది. "కానీ ఒక్కసారే."

ఆయన మళ్ళీ చచ్చాడు. ఈసారి మనవరాలు మెల్లగా వచ్చి తల దగ్గర కూర్చుంది. ఏం మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. నుదుటి మీద చెయ్యి వేసి, కథానాయకుడి వైపు కోపంగా చూసి, "మా తాతయ్య చెడ్డవాడు కాదు. కళ్ళు కనపడవు, అంతే" అంది. అన్నాక నిజంగానే ఏడుపొచ్చేసింది. ముఠాలో ఎవరో ముక్కు ఎగబీల్చారు, దర్జీ రింగులు గలగలమన్నాయి. ఎంతసేపైనా రొమ్ము కదలకుండా ఉండగలిగిన మనిషికి ఆ వేళ రొమ్ము కదిలింది. మూసిన కళ్ళ సందు నుంచి నీళ్ళు చెవుల దాకా జారాయి.

"బాబాయ్, శవం ఏడ్చేసింది. ఇంకో టేక్ చేద్దామా?" అన్నాడు స్టూడియోవాడు, తన కళ్ళు తుడుచుకుంటూ.

"ఒక్కసారే అన్నానా!" అని పిల్ల గయ్యిమంది.

దాంతో ఏడ్చిన శవమే సినిమాలో ఉండిపోయింది. అది చూసిన జనం సాతాను గురువు కోసం కళ్ళు తుడుచుకున్నారు. పైకి మాత్రం "ఏడ్చాడంటే ప్రాణం ఉన్నట్టే, రెండో భాగం ఉంది" అని దబాయించారు. అదంతా తర్వాతి సంగతి. గోదాములో ఆ పగలు ఆయన లేచి కూర్చుని చేతులు చాపాడు. పిల్ల వెంటనే రాలేదు. ఆయన ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూసుకుంది. నమ్మకం చాలక మరోసారి చూసుకుంది. ఆ తర్వాతే వచ్చి ఒళ్ళో కూర్చుంది.