దేవరాజులు మంచు బొమ్మల ప్రయాణం

పుంగనూరు బజారు వీధిలో స్టీలు సామాన్ల అంగడి నడిపే దేవరాజులు ప్రయాణాల విషయంలో ఆరితేరిన మనిషి. ఊటీకి ఏ నెలలో పోవాలి, కన్యాకుమారిలో ఏ పక్క నిలబడితే సూర్యుడు బాగా కనబడతాడు, మైసూరు ప్యాలెస్ దగ్గర చెప్పులు ఎక్కడ విడవాలి, అన్నీ ఆయన నాలుక చివర ఉండేవి. ఆయన ఆ ఊళ్లలో దేనికీ పోలేదన్నది చిన్న విషయం. పోయేవాళ్లకు చూడ్డానికే టైము చాలదు, ఇక తెలుసుకునేది ఎప్పుడు?

తొంభైల మొదట్లో, పెళ్లయిన కొత్తలో, భార్య పద్మావతిని ఊటీకి తీసుకుపోతానని ఏర్పాట్లు మొదలుపెట్టాడు. అవి ఎంత పకడ్బందీగా సాగాయంటే, కూతురు నవనీత పుట్టి, నడిచి, బడికి పోతున్నా పూర్తి కాలేదు. తర్వాత మైసూరు అనుకున్నాడు. ఆ తర్వాత కన్యాకుమారి. ఒక్కో ఊరికి ఒక్కో నోటుబుక్కు. పద్మావతి వాటిని దుమ్ము దులిపి బీరువా మీద వరసగా పెట్టేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు యాత్రల ఫొటోలు తెచ్చి చూపిస్తే చూసి, బాగున్నాయని చెప్పి, కాఫీ ఇచ్చి పంపేది.

రెండువేల ఐదు డిసెంబరులో, తొమ్మిదో తరగతి చదువుతున్న నవనీత ఒక ఆదివారం పేపరు పట్టుకొచ్చింది. బెంగుళూరులో ఒక మైదానంలో పెద్ద గుడారం వేసి, లోపల చలి మిషన్లు పెట్టి, మంచుగడ్డల్ని చెక్కి గోపురాలు, నెమళ్లు, రథాలు నిలబెట్టారట. నెలాఖరు దాకా ఉంటుందట. దేవరాజులు తల్లి, డెబ్బై దాటిన కుప్పమ్మ, చాటలో బియ్యం చెరగడం ఆపి, ఆ గోపురాన్ని ముట్టుకోనిస్తారా అని అడిగింది. పద్మావతేమో ముళబాగిలు, కోలారు మీద నాలుగు గంటల బస్సు ప్రయాణం, పొద్దున పోతే చీకటి పడేలోపల ఇల్లు చేరొచ్చని అంది.

దేవరాజులు జాలిగా నవ్వాడు. బస్సెక్కి, పోయి, చూసి, రావడం! ప్రయాణమంటే అంతే అనుకుంటున్నారు పాపం. ఆయన అంగడికి పోయి కొత్త నోటుబుక్కు తీశాడు.

మొదటి సమస్య చలి. గుడారం లోపల సున్నాకు పది డిగ్రీలు కింద ఉంటుందని పేపర్లో రాశారు. దేవరాజులు స్కూటరు మీద మదనపల్లెకు పోయి, రోడ్డు పక్కన టిబెట్ వాళ్లు పెట్టిన దుకాణంలో నలుగురికీ స్వెట్టర్లు, మంకీ క్యాపులు కొన్నాడు. కొన్నవి పనిచేస్తాయో లేదో చూడొద్దూ? మధ్యాహ్నం పూట అందరికీ తొడిగించి నడింట్లో కూర్చోబెట్టాడు. పనిచేశాయి. కుప్పమ్మ జాకెట్టు తడిసిపోయింది. అంతటితో వదిలితే ఆయన దేవరాజులు ఎట్లా అవుతాడు? మర్నాడు సోడా అంగడి నుంచి ఐసుగడ్డ తెప్పించి, దాని మీద ఒక్కొక్కరూ రెండేసి నిమిషాలు కాళ్లు పెట్టి నిలబడాలన్నాడు. నవనీతకు జలుబు చేసి జ్వరం వచ్చింది. ప్రయాణం వారం వాయిదా పడింది. చూశారా, ముందే పరీక్ష చేయకుంటే ఆ జ్వరం బెంగుళూరులో వచ్చి ఉండేదని ఆయన అందరికీ చెప్పాడు.

రెండో సమస్య దారి. దేవరాజులు చెల్లెల్ని రామకుప్పం పక్క పల్లెలో రైతు మునస్వామికి ఇచ్చారు. కుప్పం దాకా వస్తే అక్కణ్నుంచి రైలు ఉంది, సుఖంగా పోవచ్చని ఫోనులో అన్నది మునస్వామే. దేవరాజులుకు ఆ మాట తెగ నచ్చింది. పలమనేరు మీద కుప్పం పోయి, చెల్లెలి ఇంట్లో ఒక రోజు ఉండి, మర్నాడు రైలెక్కి, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఒక రోజు ఉండి, ఒక్కరోజు ప్రయాణాన్ని మూడు రోజుల్లో చక్కగా సర్దేశాడు. తేదీ ఖాయం చేద్దామని ఫోను చేస్తే మునస్వామి గొంతులో ఆయాసం.

“ఏనుగులు రాగి చేన్లో పడి ఉండాయి బావా. వాటిని తోలేది సూడాల్నా, నీ మంచు బొమ్మల్ని సూడాల్నా?”

దేవరాజులు నొచ్చుకోలేదు. ఏనుగులు అడవికి మళ్లినాక బయల్దేరాలని రాసుకున్నాడు. ఆ సంగతి ఏనుగులకు తెలియజేసేవాళ్లు మాత్రం ఎవరూ దొరకలేదు. ప్రదర్శనకు ఇక ఒక్క ఆదివారం మిగిలింది.

శనివారం సాయంత్రం ఆయన అంగడి నుంచి వచ్చేసరికి పద్మావతి పులిహోర కలుపుతోంది. తలెత్తకుండానే చెప్పింది.

“రేపు పొద్దున ఐదున్నర బస్సుకు నేనూ, అత్తా, పాపా పోతాండాము. మీరొస్తే రండి.”

దేవరాజులు నిలువునా నీరుకారిపోయాడు. సీట్లు దొరకవన్నాడు, అమ్మ నడవలేదన్నాడు, వచ్చే ఏడు ఇంకా పెద్దగా పెడతారన్నాడు. పద్మావతి అంతా విని, “అవన్నీ రాసి పెట్టండి, వచ్చినాక సదువుతా” అంది. పదిహేనేళ్ల కాపురంలో ఆమె అంత పొడుగు వెటకారం ఎన్నడూ ఆడలేదు.

తెల్లారి బస్టాండుకు ఆయనా వచ్చాడు. ఆడవాళ్లను ఒంటరిగా పంపితే దారి తప్పుతారని వచ్చానన్నాడు. దారి బస్సుకు తెలుసునన్న సంగతి ఎవరూ గుర్తుచేయలేదు. కిటికీ పక్కన కూర్చుని, రెండు చేతులతో ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు.

ఊరు దాటి పది కిలోమీటర్లు కూడా పోలేదు, ఆయన ముఖం పాలిపోయింది. నుదుటి మీద చెమట. ముళబాగిలు దారిలో రెండో మలుపు రాకముందే పద్మావతి సంచి విప్పి నిమ్మకాయ, ప్లాస్టిక్ కవరు ఆయన ఒళ్లో పెట్టింది. సమయానికే పెట్టింది.

కడుపు ఖాళీ అయ్యాక దేవరాజులు మూతి తుడుచుకున్నాడు. ఆమె వైపు చూడకుండానే, నీకెట్లా తెలుసునని గొణిగాడు.

“పెండ్లినాడు తిరుపతి నుంచి బస్సులో వచ్చేటప్పుడు సూస్తిని కదా. టవలు అడ్డం పెట్టుకుంటిరే. ఇన్నేండ్లూ ఆ బుక్కులు యాల రాస్తాండారో నాకు తెలీదనుకుంటిరా?”

“మరి ఎప్పుడూ అనకపోతివి?”

“మీరే సెప్తారని ఉంటిని.”

దేవరాజులు కిటికీ అవతలికి చూశాడు. టమోటా తోటలు వెనక్కి పోతున్నాయి. బస్సెక్కితే కక్కుకుంటాడని ఊళ్లో తెలిస్తే తన పరువేమవుతుందోనని, మదనపల్లె దాటి ఎక్కడికీ కదలకుండా, కదలనట్టు కనబడకుండా ఇన్నేళ్లు ఎంత కష్టపడ్డాడు! ఆ రహస్యం తెలిసిన మనిషే తన పక్కన పడుకుంటూ, ఆ నోటుబుక్కుల దుమ్ము దులుపుతూ ఉండిందని తెలిశాక ఆయనకు ఒకటే సిగ్గు, దాని వెనకే ఎక్కడో కొంచెం హాయి. వెనక సీట్లో ఇంకెవరో కక్కుతున్నారు. కోలారు వచ్చేసరికి ఆయనకు మూడు కవర్లయ్యాయి. మూడోదానికి సిగ్గు కూడా వేయలేదు.

మైదానంలో గంటసేపు వరసలో నిలబడ్డారు. గుడారం వాకిట్లోనే అందరికీ దళసరి కోట్లు, బూట్లు వాళ్లే ఇచ్చారు. మదనపల్లె నుంచి తెచ్చిన స్వెట్టర్లు సంచిలోనే ఉండిపోయాయి. లోపలికి అరగంట మాత్రమే పోనిస్తారట.

దేవరాజులు ఏడు నిమిషాలున్నాడు. ఖాళీ కడుపు, మీదికి ఆ చలి, పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మొదటి నెమలిని చూసి, రెండోదాని తోక దాకా వచ్చి, బయటపడ్డాడు. ఎండలో బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ మిగిలినవాళ్ల కోసం ఎదురుచూశాడు.

లోపల కుప్పమ్మ గోపురం దగ్గరికి నేరుగా పోయి అరచెయ్యి ఆనించింది. ముట్టుకోవద్దని కన్నడంలో, ఇంగ్లీషులో బోర్డు ఉంది. రెండూ ఆమెకు రావు, తెలుగైనా చదవడం రాదు. కాపలా మనిషి వచ్చి వారించినా చెయ్యి తీయలేదు. టైము అయిపోయింది, బయటికి నడవమంటే మాత్రం వేడుకుంది.

“మా ఊరి ఎండలో డెబ్బై ఏండ్లు ఉండాను నాయినా. ఇంగ రోంత సేపు ఉండనీ.”

ఆ మనిషికి ఏం అర్థమైందో ఏమో, తర్వాతి గుంపుతో ఇంకో అరగంట ఉండమని సైగ చేశాడు. అత్తా కోడలూ మనవరాలూ గంటసేపు ఆ నీలం వెలుతురులో రథం చుట్టూ, గోపురం చుట్టూ తిరిగారు. బయటికి వచ్చినప్పుడు ముసలమ్మ ముక్కు ఎర్రగా, ముఖం వెలిగిపోతూ ఉంది. బస్సు దిగి ఇల్లు చేరేదాకా గోపురాన్ని ముట్టుకున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకునే ఉంది.

ఏడాది తిరిగేలోపల వాళ్లు మైసూరు పోయారు, మరుసటి ఏడు ఊటీకి. ఏ బస్సో పద్మావతి చెప్పేది, దేవరాజులు నిమ్మకాయలు కొనుక్కొచ్చేవాడు. అంగడిలో మాత్రం పాత హోదాకు లోటు రానీయలేదు. బిందె కొనడానికి వచ్చినవాళ్లకు మంచు బొమ్మల గురించి, చలిని తట్టుకోవడం గురించి ధారాళంగా చెప్పేవాడు. ఒకసారి మదనపల్లె నుంచి వచ్చిన బేరగాడు, మరి రథం చక్రాలు కూడా మంచువేనా అని అడిగాడు. దేవరాజులు తూకం సర్దుతూ, అట్లాంటి చిల్లర వివరాలు మా ఆవిడకు అప్పజెప్పాను, అన్నం క్యారియరు తెచ్చే వేళయింది, కూర్చోండి అన్నాడు. పద్మావతి వచ్చి చెప్పడం మొదలుపెడితే, బేరగాడికన్నా ముందుకు వంగి ఆయనే విన్నాడు.