నా పేరు పెట్టుకున్న టమాటా

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నేను, పోయినేడు మా ఫిల్మ్‌నగర్ ఇంటి మేడ మీద ఒక మొక్కకు పసుపు టమాటాలు కాయగానే కొత్త వంగడాన్ని సృష్టించానని నమ్మేశాను. దానికి ‘మురళి గోల్డ్’ అని పేరు కూడా పెట్టాను. కింది వాటాలో ఉండే పెద్దమ్మ గింజలడిగితే, “హక్కులు వచ్చేదాక ఎవ్వరికీ ఇయ్య పెద్దమ్మా” అన్నాను.

ఈ రోజు మా వదిన భోజనానికి వచ్చింది. కొత్త వంగడాలు కనిపెట్టినవాళ్లకు వాటి మీద చట్టరీత్యా హక్కులు ఇప్పించే లాయరామె. పసుపు టమాటా కథంతా విని, “దాని గింజలు మళ్ల ఏసినవా?” అని అడిగింది.

“ఏసిన వదినా, రా చూపిస్త” అని గర్వంగా మేడ మీదికి తీసుకెళ్లాను. ఆఫీసు పనిలో పడి వారంగా నేనే అటు వెళ్లలేదు. చూస్తే ఒక మొక్కకు ఎర్రటివి, ఇంకోదానికి కోలగా నారింజరంగువి, మూడోదానికి రేగుపండంతవి.

వదిన నవ్వాపుకోలేకపోయింది. “కొత్తగుంటే సరిపోదు మురళీ. మొక్కలన్నీ ఒక్క తీరుగుండాలె, ఎన్నిసార్లు ఏసినా గట్లనే కాయాలె. గప్పుడే చట్టం దాన్ని వంగడమంటది. ఇవి ఒక్క తల్లి పిల్లలంటే ఎవలన్న నమ్ముతరా?”

సాయంత్రం గింజలు పొట్లం కట్టి కిందికి వెళ్లాను. పెద్దమ్మ తలుపు తీసి, “హక్కులు వచ్చినయా బిడ్డా?” అని అడిగింది.

“మాఫ్ చేసిన పెద్దమ్మా” అన్నాను.

మీలో ఎవరికైనా గింజలు కావాలంటే మొహమాటపడకుండా అడగండి. ఏ రంగు కాస్తాయని మాత్రం అడగొద్దు.