నెత్తిన బతుకమ్మతో గెట్టు చూపించిన రోజు

ఇప్పుడంటే ప్రతి జాగాకూ రాతి కడీలు, తీగ కంచెలు వచ్చాయిగానీ, నేను కొత్త కోడలిగా పాలమూరు వైపు వచ్చిన రోజుల్లో మా ఊరి బీడుకు హద్దురాయి అన్నదే లేదు. గడ్డి ఆగిపోయేదాకా రైతుల ఎడ్లది, పొదలు మొదలైన కాడి నుంచి మేకలవాళ్లది. అంతే లెక్క. కానీ పొద ఒక ఏడు గడ్డిలోకి జరుగుతుంది, ఇంకో ఏడు వెనక్కి పోతుంది. అందుకని వానలు తగ్గాక పటేల్ ఒక పెద్ద రాతిగుండు ఎక్కి కూర్చుని, తంగేడు పసుపుపచ్చగా పూసిన అంచును చూసి ఆ ఏటి హద్దు, అంటే గెట్టు, చెప్పేవాడు. (ఆయనకు దూరాన పసుపు రంగు తప్ప మరేదీ ఆనేది కాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకొక్కడికే తెలియదు.)

మా తల్లిగారి ఊరు కృష్ణ ఒడ్డున. అక్కడంతా దున్నిన నేలే, బీడు లేదు. గెట్టు చెప్పేదాకా అంచు తంగేడును ముట్టకూడదని నాకెవరు చెప్పారు? సద్దుల బతుకమ్మ నాడు తెల్లవారగానే అత్త, "పక్కింటోళ్లదానికన్న జానెడు పొడుగుండాలె" అన్నది. నాకా బుద్ధి తక్కువ, పొగరు ఎక్కువ. లోపలికి పోతే రేగుముళ్లు గీరుకుంటాయని గడ్డి అంచునే నడుస్తూ, పొదకు ఒక్క పువ్వు మిగల్చకుండా రెండు గంపలు దూసుకొచ్చాను. సిబ్బిలో పేరిస్తే బతుకమ్మ నా నడుము దాకా లేచింది. అత్త మురిసిపోయి దిష్టి తీసింది. అప్పుడు వినిపించింది డప్పు, గెట్టు చూసేది ఈ పొద్దే అని.

ఊరంతా బీడు కాడికి చేరింది. పటేల్ గుండు ఎక్కి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఈయేడు పొద ఎనుకకు పోయింది. చెలిమె గడ్డి దిక్కే" అన్నాడు. నేను బోడిచేసిన అంచు కాడి ఆ నీటిగుంట రైతుల పాలైపోయింది. ఎండాకాలం మేకలన్నిటికీ ఆ ఒక్క చెలిమె నీళ్లే ఆధారం. మేకలవాళ్ల పెద్ద (ఎండలోనూ గొంగడి విడువడు, అందుకే గొంగడి తాత) కర్రతో నేలను గుద్దాడు.

"పొద యాడికి పోతది పటేలా, దానికి కాళ్లున్నయా? పూత మాయమైంది గంతే. ఎవలో కావాలని దూసిన్రు!"

"మేమే దూసినమంటున్నవా?" మా మామ లేచాడు. "ఒక్క మేక చెలిమె దిక్కు రానీ, కాళ్లిరగ్గొడ్త!"

"గట్లనా? ముందుగాల నా కాళ్లిరగ్గొట్టు, రా!"

అటు కర్రలు లేచాయి, ఇటు గొడ్డళ్లు. మా ఆయన అందరికన్నా ముందు నిలబడ్డాడు. నా వేళ్ల సందుల్లో ఇంకా తంగేడు పసుపు. చెబితే అత్త పరువు పోతుంది, కలిసొచ్చిన గడ్డీ పోతుంది. చెప్పకపోతే ఎవరి తల పగులుతుందో. చేతులు కొంగులో దాచుకున్నాను. అత్త అది చూసి, "నోరు మూస్కో" అన్నది నా చెవిలో. మామ గొడ్డలి ఎత్తాడు.

"నేనే తెంపిన!" అని అరిచాను. "రెండు గంపలు! మా ఇంట్ల బతుకమ్మ ఉన్నది, పోయి చూస్కోండ్రి!"

గొంగడి తాత నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఎవల పిల్లవే నువ్వు? పొదలన్ని బోడిజేసినవు గదనే!"

"నాకు పసుపు కనవడాలె" అన్నాడు పటేల్. "ఆ బతుకమ్మను నెత్తిన వెట్టుకొని, తెంపిన ప్రతి పొద కాడ నిలవడు."

నిలబడ్డాను. పొద పొదకూ ఆగాను. ఆగిన ప్రతిచోటా గుర్తుగా గడ్డి ముడివేశారు. ఒక పక్క గొంగడి తాత, "ఈ పొద మరిచినవు బిడ్డా" అంటాడు. ఇంకో పక్క మామ, "గది పోయినేడే బోడిది" అంటాడు. పైనుంచి పటేల్, "జర ముందుకు! ఆఁ, ఆగు!" చెలిమె దాటి గడ్డి వైపు చివరి బోడి పొద దాకా పోయేసరికి మెడ విరిగిందనుకున్నాను. చెలిమె మళ్లీ మేకల దిక్కే అయింది, కర్రలన్నీ దిగాయి. నవ్వులు మాత్రం లేచాయి.

సాయంత్రం ఆటలో అన్నిటికన్నా పొట్టిది మా బతుకమ్మే. దారి పొడుగునా సగం పూలు రాలిపోయాయి మరి. గొంగడి తాత ఇంటి నుంచి చెంబెడు మేకపాలు వచ్చాయి. అత్త పారబోస్తానని కేకలేసింది, తర్వాత కాచుకుని తనే తాగింది.

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక. సర్కారు కొలిచి గీసిన ఆ బీడు కాగితం ఎవరో చూపిస్తే కూడబలుక్కుని చదివాను. గెట్టు చక్కటి తిన్నని గీత. నేను నడిచిన వంకరల్లో ఒక్కటీ అందులో లేదు. ఇప్పుడు ఎడ్లూ లేవు, మేకలూ లేవు, తంగేడు గడ్డినంతా మింగింది. అయినా పూలకు పోతే అంచున ఉన్న మొదటి పొదను ముట్టను. ఎవరూ లేని ఆ గుండు వైపు ఒకసారి చూసి, ముళ్లు గీరుకుంటున్నా లోపలికే పోతాను.