తుంగ నాటిన వసంతమ్మ

వేల్పూర్‌లో వసంతమ్మ పసుపు చేను గట్టు మీద అడుగు పెడితే, తుంగ గడ్డి తనంతట తానే వేళ్లతో సహా లేచి బాల్కొండ దారి పట్టేదని చెప్పుకుంటారు. కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నమ్మక తప్పదు.

నిజామాబాద్ కాలనీకి వచ్చాక ఆమెకు పీకడానికి గడ్డి కరువైంది. పైగా ఆమె ఇల్లు కాలనీ మొత్తానికి పల్లం. నిరుటి వానకు వీధి నీళ్లు వంటింట్లో దూరి, బియ్యం డబ్బాను దేవుడి గది దాకా ఊరేగించాయి. అందుకే ఈ ఏడు కాలనీవాళ్లు ఎదుటి ఖాళీ జాగాలో మడుగు తవ్వించారు. వాన నీళ్లు అందులో ఆగి, మురికిని మొక్కల వేళ్లకు వదిలి, మెల్లగా భూమిలోకి ఇంకాలి. పని చేయించిన దీక్షిత అనే అమ్మాయి అందులో జమ్ము, తుంగ నాటించింది.

"అవ్వా, ఎదురుంగనే ఉంటవు. జర కనిపెట్టు" అని చెప్పి వెళ్లింది.

మర్నాటి జల్లుకు మడుగులో కాస్త నీరు నిలిచింది. నిలిచిన నీళ్లు, నడుమ తుంగ! పసుపు రైతుకు ఇంతకంటే ఘోరం లేదు, దుంప కుళ్లిపోతుంది. అక్కడ దుంపే లేదన్న సంగతి వసంతమ్మ చేతులకు తట్టలేదు. మధ్యాహ్నానికల్లా మడుగంతా కలుపు తీసేసి, గట్టుకు గండి కొట్టి నీళ్లు వదిలేసింది.

దీక్షిత వచ్చి మడుగంతా వెతికింది. "అవ్వా, మొక్కలేవి?"

"మొక్కలు యాడున్నయి బిడ్డా? అంత గడ్డే. సాఫ్ చేసిన. చాయ్ తాగుతవా?"

"గా గడ్డే మొక్కలవ్వా! సాయంత్రం పెద్ద వాన ఉందంటున్నరు. గీ గండిల నీళ్లు యాడికి పోతయి?"

పక్కింటి ఆత్మారాం గోడ మీదుగా తల పెట్టాడు. "యాడికేంది? వసంతక్క వంటింటికి. నిరుడు వచ్చినయి గద, తోవ ఎర్కనే."

వసంతమ్మ తిరిగి చూస్తే, గండి సూటిగా తన గేటునే చూస్తోంది.

కొంగు దోపి గండి పూడ్చింది. కుప్ప పోసిన జమ్మునూ, జన్మలో మొదటిసారి తుంగనూ, తన చేత్తో నాటింది. అదీ పసుపు పెట్టినట్టే, సాలు తప్పకుండా.

"ఆత్మారాం, వేల్పూర్ల ఎవలకు చెప్పకు."

"నేనెందుకు చెప్తనక్కా? ఫోటో పంపిన, గంతే."

పొద్దుగూకే వేళకు వాన దంచింది. మడుగు నిండి, నీళ్లు గట్టు అంచుదాకా వచ్చి, గేటు వైపు ఆశగా చూసి, అక్కడే ఆగిపోయాయి. బియ్యం డబ్బా ఉన్నచోటే ఉంది.

తెల్లవారి వసంతమ్మ నీళ్ల మధ్య నిలబడ్డ తుంగను చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. తిరిగొస్తుంటే గేటు పక్కన ఒక తుంగ పిలక కనబడింది. అటూ ఇటూ చూసింది. గోడ మీద ఆత్మారాం తల ఉండనే ఉంది.

"మడుగుది కాదిది" అంది వసంతమ్మ వంగుతూ. "గేటు ఇవతలిది."