మధ్యాహ్నం తాళం వేసే గది

ఎండాకాలం గురించి మా ఊరి గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. ఐదో తరగతిలో బడి మానేసినదాన్నే అయినా, ఉక్కపోతలో చెమట ఎందుకు ఆరదో ఇప్పుడు ఎవరికైనా చెప్పగలను. ఊపిరందని మనిషిని ఆ ఉక్కలోంచి తీసి ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం ఏ పుస్తకంలోనూ కనబడలేదు. మా బాపుకు అలాంటి చోటు ఒకటి కొన్నాళ్లు దొరికింది. రాయకపోతే అది లేనట్టే అయిపోతుంది.

బాపు బతుకంతా మరమగ్గాల షెడ్లలోనే గడిచింది. మొదట భివండి, తర్వాత సిరిసిల్ల. అక్కడ పని ఆగిపోయాక దగ్గుతో నా దగ్గరికి వచ్చాడు. చల్లగా, తేమ లేని చోట ఉంచమన్నాడు జగిత్యాల డాక్టరు. నాది ఒక్క గది, పైన రేకులు. మూలకు తడి గోనెపట్టాలో నేను బీడీలు చుట్టే తునికాకు. తడి లేకుంటే ఆకు విరుగుతుంది, బీడీ చుట్టరాదు. ఆ తడికే బాపుకు ఊపిరి ఆడదు.

"ఆకును లోపటుంచి నన్నే బయటెయ్యి బిడ్డా. ఆకు కన్న నేనే గట్టిగున్న" అనేవాడు.

గ్రంథాలయం వెనుక గదికి పాత రాతి గోడలు. చల్లగా, పొడిగా ఉండేది. కానీ ఎండ ముదిరే వేళకే దానికి తాళం వేస్తారు. గ్రంథాలయం సారును అడిగాను.

"సదువరాని పెద్దమనిషి లోపట ఏం చేస్తడక్కా?"

"ఊపిరి తీసుకుంటడు సారూ."

సారు తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. "మీరు లోపటనే ఉండుండ్రి, నేను తాళమేసి ఇంటికి పోయొస్త. సప్పుడు చెయ్యొద్దు మరి" అన్నాడు.

గోడకు ఆనుకుని కూర్చుంటే బాపు గొంతులో ఈల మెల్లగా తగ్గేది. నేను చదువుకునేదాన్ని.

"గీ దగ్గుకేమన్న ఉన్నదానే అండ్ల?"

"లేదు బాపూ."

"మరి గంత లావు పుస్తకమెందుకే?"

చుట్టిన బీడీలు కార్ఖానాలో ఇచ్చే రోజుల్లో బాపు ఒక్కడే ఉండేవాడు. అలాంటి ఒక రోజు నేను తిరిగి వచ్చేసరికి సారు తడిసిన పుస్తకాలను ఎండలో పరుస్తున్నాడు. తాగే నీళ్లను బాపు నేలంతా, పుస్తకాల మీదా చల్లాడు. మగ్గాల షెడ్లో పోగు తెగకుండా రోజూ చేసిన పనే అది.

"కాయితాలు పెళపెళమంటున్నయి సారూ. పొడిగాలికి తెగుతయని సల్లిన" అన్నాడు.

సారు కోప్పడలేదు. "రేపటి సంది తోలుకరాకక్కా. నా నౌకరి పోతది" అని నాతో మెల్లగా అన్నాడు.

మళ్లీ రేకుల కిందికే వచ్చాం. తర్వాత నేను అడగని చోటు లేదు.

"సారు పుస్తకాలు ఎండినయా బిడ్డా?" అని ఒక మధ్యాహ్నం అడిగాడు.

"ఎండినయి బాపూ" అన్నాను. నిజానికి పేజీలు అట్టకట్టుకుపోయాయి. విడదీస్తే చిరిగేవి.

వానలు పడకముందే బాపు పోయాడు. మూలన ఆకు ఇంకా నానుతూనే ఉంది.

పేర్లు రాస్తే సారు ఉద్యోగానికి చేటు, కాబట్టి ఎవరి పేరూ రాయను. లోపలికి రానిచ్చిన సారుకు, తనకూ ఒక్క గదే అయినా కొన్ని రోజులు నా ఆకును తన ఇంట్లో నానబెట్టిన పక్కింటి వదినకు, జగిత్యాల బస్సులో బాపుకు కిటికీ పక్కన చోటిచ్చిన ముసలమ్మకు దండాలు.