పున్నమ్మ బొంతలో మధ్య పొర

“నేను దొంగలా కనబడుతున్నానా పిన్నీ?” అని బొంతలు కుట్టే ధనశ్రీ ఒకసారి మొహమ్మీదే అడిగింది. అద్దంకి పున్నమ్మ తడుముకోలేదు. “కనబడితే ఇంక దొంగలెట్టా అవుతారే?” అంది. కళ్లలో శుక్లాలొచ్చి ఆమె సగంలో వదిలేసిన బొంత ఐదేళ్లు మంచం కిందే ఉంది. దాని మధ్య పొర, చనిపోయిన వాళ్లమ్మ కట్టిన చీరాల చీర. మిగతా సగం కుట్టమని ధనశ్రీని పిలిచి, తాను పక్కనే పీట వేసుకుని కూర్చుంది. సూదులు లెక్కపెట్టేది, అంచుల్ని వేళ్లతో నలిపి చూసేది. మిరప కోతలప్పుడు కాయలు దాచుకున్నారేమోనని కూలీల ఒడులు తడిమిన వేళ్లవి. ఇలాంటి అనుమానం వెనక ఏదో పాత గాయం ఉంటుందని మనం జాలిపడతాం గానీ, పున్నమ్మను జీవితంలో ఎవరూ మోసం చెయ్యలేదు. చివరి రోజు ఆమెకు పది నిమిషాలు కునుకు పట్టింది. ఆ సందులో ధనశ్రీ చీర మార్చేసిందేమోనని, పూర్తయిన బొంతను ఒక పక్కంతా బ్లేడుతో విప్పేసింది. లోపల చీర అలాగే ఉంది. దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. “ఇది మా అమ్మదేనంటావా?” అని చివరికి ధనశ్రీనే అడిగింది. “ఇంకెవరిది పిన్నీ?” అంటూ ధనశ్రీ మళ్లీ సూదిలో దారం ఎక్కించింది. ఆ పక్క రెండోసారి కుట్టినందుకు ఆమెకు రావలసిన రెండొందలు ఇంకా రాలేదు.