ఏడు గజాల తోక

నా చిన్నప్పుడు, మిరపకాయలు కల్లాల్లో ఆరే రోజుల్లో జరిగిన ఒక పెళ్లి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లికూతురు మా పక్కింటి అక్క. ఎండాకాలమంతా కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది. మా ఊళ్లో చర్చి పెళ్లంటే తెల్ల చీర, తల మీద ముసుగు, అంతే. అక్క మేనమామ మాత్రం ఎక్కడి నుంచో బొమ్మల కథల పుస్తకం పట్టుకొచ్చాడు. ఊరందరికీ బట్టలు కుట్టే మా అత్తయ్యకు అందులోని రాజకుమారి గౌను చూపించి, అచ్చం అలాగే కావాలన్నాడు.

ఆ గౌనుకు వెనక ఏడు గజాల తోక. "చర్చికి కల్లాల మధ్య నుంచే గదండీ నడవాలి, తోక కాస్త తగ్గిద్దాం," అంది అత్తయ్య.

"మా పిల్ల రాణిలా ఉండొద్దా? నువ్వు కుట్టమ్మా, చాలు," అన్నాడాయన. అక్కను ఎవరూ అడగలేదు. తోక పట్టుకునే పని నాకిచ్చారు. నేనూ తెగ పొంగిపోయాను. అది తలుచుకుంటే నా మీద నాకే రోత.

కల్లం దాకా వచ్చేసరికి చేతులు లాగేసి తోక వదిలేశాను. అది పేడనూ, మిరప గింజలనూ ఊడ్చుకుంటూ పోయింది. ఘాటు లేచింది. కళ్లూ ముక్కూ కారుతూ, ఊపిరి అందక అక్క నడుం వంచేసి దగ్గుతోంది. మేనమామ మాత్రం ఫొటో తీసే మనిషిని పిలిచి, "ముఖం పైకెత్తవే, ఒక్క ఫొటో," అంటున్నాడు.

అత్తయ్య బొడ్లో దోపుకున్న కత్తెర తీసి, మడమల దగ్గరికి తోక కోసేసింది. తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు లేచొచ్చి అక్క ముఖం కడిగారు. "ఇప్పుడు నడువమ్మా," అంది అత్తయ్య. అక్క నడిచింది. ఆ మేనమామ మళ్లీ మా గడప తొక్కలేదు. కోసిన గుడ్డను అత్తయ్య రెండుసార్లు ఉడకబెట్టి, చింపి, ముక్కుకు కట్టుకోమని ఆ ఆడవాళ్లకే పంచింది.

ఇప్పుడు గుంటూరులో ఏ పెళ్లికి వెళ్లినా లైట్లు కుట్టిన గౌన్లు, పొగ మిషన్లు, తోక మోయడానికి నలుగురు. పిల్ల మంచినీళ్లు అడిగితే, మేకప్ పోతుందని కెమెరా వాళ్లు కసురుతారు. చూస్తుంటే అదే రోత. నేను పెళ్లికూతురి దగ్గరికి వెళ్లి, "ఊపిరాడుతోందా అమ్మా?" అని అడిగి వస్తాను. చేతిసంచిలో అత్తయ్య కత్తెర ఉంటుంది.

వచ్చే నెల మా మనవరాలి పెళ్లి. ఫోన్లో గౌను చూపించి, "అమ్మమ్మా, కత్తెర మాత్రం ఇంట్లో పెట్టి రా," అంది. నిన్ననే దానికి సాన పట్టించాను.